లోపలికి రావద్దని చెప్పే స్నేహాలు

పది కోళ్లున్న ఇంటికి, పదేసి కోళ్లున్న మరో నాలుగైదు ఇళ్ల తోడు లేకపోతే ఆ పెంపకం ఎక్కువ కాలం నిలవదని నా గట్టి నమ్మకం. స్నేహం గొప్పదనాన్ని చాటడానికి ఈ మాట అనడం లేదు. దీని వెనక ఉన్నది ఒక చిన్న గాజుసీసా.

కొక్కెర తెగులు గురించి కోళ్లు పెంచేవారికి పరిచయం అక్కర్లేదు. పశువైద్యులు న్యూకాజిల్ వ్యాధి అని పిలిచే ఈ జబ్బు సోకిన కోడి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంది, పచ్చగా పారుతుంది, రెక్కలు వాల్చేసి మూలకు చేరుతుంది. బతికి బయటపడిన వాటిలో కొన్నింటికి మెడ మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది. టీకా పడని గూటిలోకి తీవ్రరకం వైరస్ ప్రవేశిస్తే కొద్ది రోజుల్లోనే గూడు ఖాళీ అయిపోవచ్చు. దీనికి చికిత్స లేదు, ముందు జాగ్రత్త ఒక్కటే దారి. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో ఒక చుక్క టీకా వేసి, ఆ తరువాత వయసును బట్టి మళ్లీ వేయిస్తూ ఉండాలి. చిక్కల్లా ఆ మందు వచ్చే తీరులో ఉంది. పొడి రూపంలో ఉండే ఆ టీకా సీసాలో సాధారణంగా 100 కోళ్లకు సరిపడే మోతాదు గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటుంది. 2 నుంచి 8 డిగ్రీల చలువలో దాన్ని కాపాడుకుంటూ తెచ్చి, ద్రావకంలో కలిపిన తరువాత సుమారు 2 గంటల్లో వాడేయాలి. మిగిలింది మర్నాటికి పనికిరాదు. పది కోళ్లవాడు ఒక్కడే సీసా కొంటే తొంభై కోళ్ల మందు నేలపాలవుతుంది, లేదా వాడు అసలు టీకాయే మానేస్తాడు. ఎక్కువమంది చేసేది ఆ రెండో పనే.

అందుకే మా నాలుగైదు ఇళ్లవాళ్లం ఒక సాయంత్రం అనుకుని, ఒకే సీసా తెప్పించుకుంటాం. మాలో అందరికంటే చేయి కుదురుగా ఉండే పెద్దాయనను మేమందరం బాబాయిగారు అని పిలుస్తాం, చుక్కలు వేసే పని ఆయనదే. చీకటి పడుతుండగా కోళ్లు కర్ర మీదకు ఎక్కి కూర్చున్నాక పట్టుకుంటే పరుగులూ కేకలూ ఉండవు. కోడి రెక్కలు రెండూ దగ్గరకు చేర్చి చంకలో పెట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి, కంటి మీద చుక్క పడిన తరువాత అది కింది రెప్పను పైకి మూసి తెరిచేదాకా వదలకూడదు. మొదటిసారి పట్టుకున్నవాళ్లు భయంతో రొమ్ము బిగించి పట్టుకుంటారు. అప్పుడు బాబాయిగారు, "గట్టిగా నొక్కకమ్మా, దానికి ఊపిరాడదు" అంటారు. అది ఊరికే అనే మాట కాదు. ఊపిరితిత్తుల కింద ఉండి మనకు ఊపిరి ఆడించే కండర పొర, ఉదరవితానం, కోడికి లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది, ఆ కదలికను ఆపేస్తే చేతిలోనే ప్రాణం పోతుంది. మందు చుక్క మన కంట్లో పడినా నాలుగు రోజులు కళ్లు ఎర్రబడతాయి కాబట్టి ఆయన ఎవరినీ ముఖం దగ్గరగా పెట్టనివ్వరు. జబ్బుగా కనిపించిన కోడికి మాత్రం ఆ రోజు చుక్క వేయరు, ఎంత బతిమాలినా సరే.

ఇంత కలిసి పని చేసేవాళ్లమే అయినా, మామూలు రోజుల్లో మేము ఒకరి పెరట్లోకి ఒకరం వెళ్లం. కొత్తగా కోళ్లు పెట్టినవారికి ఇది అంటీముట్టనట్టుగా కనిపిస్తుంది. వైరస్ చెప్పుల అడుగున ఉన్న రెట్టతో పోతుంది, గుడ్లు పెట్టుకునే అట్టలతో పోతుంది, ఒక గూడు కడిగిన చేతులతోనే ఇంకో గూట్లో నూకలు చల్లితే ఆ చేతులతోనూ పోతుంది. పైకి నవనవలాడుతున్న కోడి లోపల జబ్బు మోస్తూ ఉండవచ్చు, లక్షణాలు బయటపడడానికి కొన్ని సందర్భాలలో రెండు వారాలు కూడా పడుతుంది. అందువల్ల టీకా రోజున కూడా ఎవరి గుమ్మం దగ్గర వారి చెప్పుల జత సిద్ధంగా ఉంటుంది. వచ్చినవారు తమవి వదిలి అవి వేసుకుంటారు, ఒక ఇంటి పని ముగించి ఇంకో ఇంటికి పోయే ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటారు. కొత్తగా తెచ్చిన కోడిని ఎంత ముద్దొచ్చినా నెల రోజులు వేరే గంప కింద, వేరే నీళ్లగిన్నెతో, గూటికి దూరంగా ఉంచుతాం.

వెనక వీధి పెద్దమ్మ ఒక ఉదయం ఫోను చేసి, "ఇవాళ మా వైపు రావద్దు నాయనా, నల్లపెట్ట తుమ్ముతోంది, ఏమిటో తేలేదాకా నేనూ మీ ఇంటికి రాను" అన్నప్పుడు, ఈ పెంపకంలో నాకు దొరికిన స్నేహానికి అంతకంటే పెద్ద రుజువు లేదనిపించింది. అలా చెప్పడం సులువేమీ కాదు. తమ గూట్లో జబ్బు వచ్చిందంటే తాము శుభ్రంగా పెట్టుకోలేదని నలుగురూ అనుకుంటారేమోనన్న సంకోచం ప్రతివారికీ ఉంటుంది, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న సామెత ఇక్కడ బాగా పనిచేస్తుంది. ఒకాయన తన గూట్లో వరసగా కోళ్లు పోతున్నా గుట్టుగా ఉంచి, మిగిలిన వాటినైనా దక్కించుకోవాలని తెలిసినవారికి పంచిపెట్టాడు. ఆయన దురుద్దేశంతో చేశాడని నేను అనను. కానీ ఆ తరువాత ఆయన ఇచ్చిన గుడ్డు కూడా ఎవరూ తీసుకోలేదు. దొంగచాటుగా దాచిన జబ్బు కంటే, సిగ్గుపడి దాచిన జబ్బే ఎక్కువ గూళ్లను ఖాళీ చేస్తుందని నా అనుమానం.

కోళ్లను ఇచ్చిపుచ్చుకోవడం ఇంత ప్రమాదం కాబట్టి, మా మధ్య రాకపోకలు సాగించేవి ఎక్కువగా గుడ్లే. ఒకే పుంజు, దాని కూతుళ్లు, వాటి పిల్లలు అంటూ ఒక గూట్లోనే తరాలు గడిస్తే పొదిగే గుడ్ల శాతం తగ్గుతుంది, పిల్లలు ఈసురోమంటూ ఎదుగుతాయి, అందువల్ల బయటి రక్తం కావాలి. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పుంజును వేరు చేసిన తరువాత కూడా పెట్ట రెండు మూడు వారాల దాకా గుడ్డు కట్టే బీజాన్ని తనలో నిల్వ ఉంచుకోగలదు. "మీ ఎర్రపుంజు గుడ్లు కావాలి" అని అడిగినవారికి, అంతకుముందు అదే గూట్లో ఇంకో పుంజు తిరిగి ఉంటే, మూడు వారాలు ఆగమని చెప్పడమే నిజాయితీ. గుడ్లను సన్నని కొన కిందికి ఉండేలా చల్లని చోట పెట్టి, వారం దాటకుండా ఇవ్వాలి. కుదుపుల దారిలో వచ్చిన గుడ్లను వెంటనే పెట్ట కింద పెట్టకుండా, లోపలి గాలి గది కుదురుకోవడానికి ఒక పూట నుంచి ఒక రోజు దాకా కదపకుండా ఉంచాలి.

గుడ్లున్నవారి దగ్గర పొదుగుకు కూర్చున్న పెట్ట ఉండదు, పెట్ట ఉన్నవారి దగ్గర గుడ్లుండవు, ఇది కోళ్ల లోకంలో ఎప్పుడూ ఉండే తంతు. ఖాళీ గూట్లో ఈకలు నిక్కబొడుచుకుని, చేయి పెడితే పొడుస్తూ, రోజుకు ఒకసారి పావుగంట సేపు మాత్రం లేచి మేతా నీళ్లూ చూసుకుని మళ్లీ వెళ్లి కూర్చునే పెట్ట ఎవరింట్లో ఉందో తెలిస్తే గుడ్లు ఆ ఇంటికే చేరతాయి. ఏడో రాత్రి గుడ్డును టార్చి వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే, ఎర్రని నరాలు నలువైపులా చాచి నడుమ నల్లచుక్కతో పిండం సాలెపురుగులా కనిపిస్తుంది. ఏమీ కనిపించని తేట గుడ్డును పక్కన పెట్టేస్తాం. ఎవరింట్లో పొదుగు సాగినా ఆ రాత్రి గుడ్లిచ్చినవారికి ఫోను పోతుంది, ఎన్ని కట్టాయో ఎన్ని మురిగాయో లెక్క చెప్పాలి. 21వ రోజుకు ముందే గుడ్డు లోపలి నుంచి కిచకిచలు వినిపిస్తాయి, పైన కూర్చున్న పెట్ట వాటికి సన్నగా బదులిస్తుంది. పెంకు పగలడం మొదలైన తరువాత పిల్ల పూర్తిగా బయటపడడానికి ఒక్కోసారి ఒక రోజు కూడా పడుతుంది. ఆ సమయంలో పెంకు వలిచి సాయం చేయాలన్న ఆత్రం కలగడం సహజం, కానీ లోపలి పొరలో ఇంకా రక్తనాళాలు ఉంటాయి, తొందరపడితే రక్తం పోతుంది. "చేతులు వెనక్కి కట్టుకుని కూర్చో" అని ఫోనులో గద్దించే మనిషి ఒకరు అప్పుడు అవసరం. మిగతా గుడ్లన్నీ మురిగి ఒకే ఒక్క పిల్ల లేస్తే, అదే వయసు పిల్లలున్న ఇంకో ఇంటి తల్లికోడి రెక్క కింద రాత్రివేళ దాన్ని దూరుస్తాం. తెల్లవారేసరికి తల్లి దాన్ని తన పిల్లల్లో కలిపేసుకున్న సందర్భాలే ఎక్కువ.

ఊరికి వెళ్లినప్పుడు కోళ్లను స్నేహితుల ఇంట్లో దింపి వెళ్లడం మాత్రం మంచి పద్ధతి కాదు. జబ్బు సంగతి అటుంచినా, కోళ్లలో ఎవరు ఎవరిని పొడవాలో, మేత దగ్గర ఎవరు ముందో ఖచ్చితమైన వరస ఉంటుంది. చిన్నప్పటి నుంచి కోళ్లను గమనిస్తూ పెరిగిన నార్వే జంతుశాస్త్రవేత్త తోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బే 1920ల ఆరంభంలో ఈ వరసను శాస్త్రీయంగా వర్ణించాడు. కొన్ని వారాలు బయట ఉండి వచ్చిన కోడిని సొంత గూటివాళ్లే కొత్తదానిలా చూసి పొడుస్తాయి, అది తన చోటును మళ్లీ పోరాడి సంపాదించుకోవాలి. కాబట్టి కోళ్లను కదపకుండా మనిషే రావాలి. మేత, నీళ్లు రెండు రోజులకు సరిపడా పెట్టి వెళ్లవచ్చు గాని, చీకటి పడగానే గూటి తలుపు వేసే పనిని ఏ పాత్రలోనూ నింపి వెళ్లలేం. ఒక్క రాత్రి తెరిచి ఉంచితే పిల్లికీ కుక్కకీ అది చాలు. పొద్దుగూకేవేళ గడియ వేసి, లోపల కోళ్లను లెక్కపెట్టి, "అన్నీ ఉన్నాయి" అని రెండు మాటల సందేశం పంపే స్నేహితుడు దొరికిన తరువాతే నాకు ప్రయాణంలో నిద్ర పట్టడం మొదలైంది.

గూటి తలుపు వేసే ముందు కోడి మెడ కింద మేత తిత్తిని తడిమి చూడడం నాకు పెద్దమ్మే నేర్పింది. సాయంత్రం అది నిండుగా ఉండాలి, గింజలు వేళ్లకు తగలాలి. తెల్లవారి గూడు తెరవగానే చూస్తే ఖాళీ అయి ఉండాలి. ఉదయం కూడా గట్టిగా ఉంటే గడ్డి పీచు లాంటిదేదో అడ్డుపడిందని అర్థం, మెత్తగా నీళ్లు నిండినట్టుండి నోటి నుంచి పులిసిన వాసన వస్తే అది వేరే ఇబ్బంది. కోడి తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది, నలతగా ఉన్నట్టు తోటి కోళ్లకు తెలిస్తే అవే పొడుస్తాయి. అందువల్ల తల మీది ఎర్రజుట్టు పాలిపోవడం, రెట్ట రంగు మారడం, తిత్తి ఖాళీ కాకపోవడం వంటి చిన్న గుర్తుల మీదే మనం ఆధారపడాలి. ఈకలు రాల్చే కాలంలోనూ, పగటి వెలుతురు తగ్గినప్పుడూ గుడ్లు ఆగిపోతే మాత్రం కంగారు పడనక్కర్లేదు. బాగా గుడ్లు పెట్టాలంటే కోడికి రోజుకు 14 గంటల పైబడి వెలుతురు కావాలి.

కోడి చనిపోయినప్పుడు బయటివాళ్లు "కోడే కదా, ఇంకోటి తెచ్చుకోండి" అంటారు, వాళ్లను తప్పు పట్టలేం. కోళ్లు పెంచే స్నేహితులు ఓదార్పు మాటలు చెప్పరు. నిన్న మేత తిన్నదా, ఉదయం తిత్తి ఖాళీ అయిందా, ఎన్నాళ్లయింది గుడ్డు పెట్టి, పొట్ట కింద గట్టిగా ఏమైనా తగిలిందా అని వరసగా అడుగుతారు. గుడ్డు అడ్డం పడిందేమోనని ఒకరు, కాదని మరొకరు వాదించుకుంటారు. బయటినుంచి విన్నవారికి అది శవపరీక్షలా ఉంటుందేమో గాని, అలాంటి కోడి అదొక్కటేనని, దానికి ఒక నడక, ఒక గొంతు, ఒక తిక్క ఉండేవని ఆ ప్రశ్నలు అడిగేవాళ్లకు తెలుసు.

మా స్నేహానికి ఇంతవరకూ లొంగని సమస్య ఒక్కటే, పుంజులు. పొదిగిన పిల్లల్లో సగం మగవే అవుతాయి, ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. అంటే ప్రతి గూట్లోనూ మిగులే. పైగా అవి వెలుతురు చూసి కూస్తాయనుకుంటే పొరపాటు. జపాన్ పరిశోధకులు 2013లో తేల్చినట్టు, పుంజు కూత దాని ఒంట్లో ఉన్న గడియారాన్ని బట్టి పొద్దు పొడవకముందే మొదలవుతుంది. 2015లో వారే మరో మాట చెప్పారు. గుంపులో పెద్దరికం ఉన్న పుంజు ముందుగా కూస్తే, తక్కినవి తమ తమ వరసలో అందుకుంటాయట. కోళ్లు లేని పక్కింటివారికి ఈ శాస్త్రం చెప్పి లాభం లేదు. వారిని మంచి చేసుకోవడానికి నేను అప్పుడప్పుడు గుడ్లు పంపుతాను, వారు మర్యాదగా తీసుకుని, మర్యాదగానే పుంజు సంగతి అడుగుతారు. పోయిన పొదుగులో లేచిన వాటిలో మూడు పుంజులు ఇప్పుడు గొంతు సవరించుకుంటున్నాయి. బాబాయిగారిని అడిగితే తన దగ్గర రెండున్నాయన్నారు, పెద్దమ్మ నవ్వి ఫోను పెట్టేసింది.