టెక్నాలజీ గడిలో ఏం రాయాలి? (నా అనుభవం)

మా బళ్లో రాసుకునే పాఠ్య ప్రణాళికలో ఒక గడి ఉంటుంది: "ఉపయోగించిన సాంకేతికత". గదిలో తాకితే పనిచేసే పెద్ద తెర, ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, పెట్టినప్పటి నుంచీ అందులో నేను రాసేది ఒకే ఒక్క మాట, ఐఎఫ్‌పి. అంతకుముందు ప్రొజెక్టర్ అని రాసేదాన్ని. ఇంకా ముందయితే సెల్‌ఫోన్ వీడియో అని. ఏ పాఠమైనా, ఏ తరగతైనా అదే మాట. ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

నాది కనిగిరి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్. ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఒకసారి చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో ఆర్పీ (శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్) సార్ ఐఎస్‌టీఈ ప్రమాణాల గురించి చెప్పారు. ఆ పేరుతో అమెరికాలో ఉపాధ్యాయుల కోసం పనిచేసే సంస్థ విద్యార్థులకు టెక్నాలజీ ప్రమాణాలను 1998లో మొదటిసారి తెచ్చిందట. 2016లో వాటిని తిరగరాసి ఏడు చేశారు. సొంతంగా నేర్చుకోవడం, డిజిటల్ పౌరుడిగా మెలగడం, సమాచారాన్ని వెతికి జల్లెడ పట్టడం, కొత్తది తయారు చేయడం, సమస్యను మెట్లుగా విడగొట్టి లెక్కల పద్ధతిలో ఆలోచించడం, తెలిసింది నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం, దూరంలో ఉన్నవాళ్లతో కలిసి పనిచేయడం. స్లైడ్ మీద అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, ఈ తెలుగు నేను నోట్‌బుక్‌లో రాసుకున్నది. భోజనాల వేళ అయింది కాబట్టి ఏడింటినీ పది నిమిషాల్లో ముగించారు. చివర్లో, "వచ్చే నెల వీటితో మాదిరి పాఠం ఎవరు చెబుతారు?" అని అడిగారు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. నేను ఆ సమయానికి తల ఎత్తాను. అంతే.

పాఠం ఎంచుకోవడం కష్టం కాలేదు. అప్పటికి ఎనిమిదో తరగతిలో "విద్యుత్ ప్రవాహం – రసాయన ఫలితాలు" రాబోతోంది. ఏ ద్రవం గుండా కరెంటు పోతుంది, దేని గుండా పోదు అన్నదే పాఠం. నేను ఫెట్ సిమ్యులేషన్, అంటే తెర మీదే ప్రయోగం చేసి చూసే ప్రోగ్రామ్, తీసుకున్నాను. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఉచితం, తెలుగులో కూడా చాలా ఉన్నాయి. ముందు మా పిల్లలకే ఒకసారి చెప్పి చూద్దామని ప్యానెల్ మీద సర్క్యూట్ కట్టాను. తీగ లాగాను, బ్యాటరీ పెట్టాను, బల్బు వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రిహార్సల్ బాగా కుదిరిందనుకుని మా బయాలజీ మాస్టారిని అడిగాను. ఆయన వెనక బెంచీలో కూర్చుని అంతా చూశారు. రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు, మొహమాటాలు లేవు.

"బానే ఉందమ్మా. మీరు ఇరవై సార్లు ప్యానెల్ తాకారు. పిల్లలు ఎన్నిసార్లు తాకారు?"

ఒక్కసారి కూడా లేదు. ఇంటికెళ్లాక నోట్‌బుక్ తీసి ఆ ఏడూ మళ్లీ చదివాను. ప్రతి వాక్యంలో చేసేది విద్యార్థే. వెతికేది, కొలిచేది, తప్పు పట్టేది, చెప్పేది అన్నీ వాడే. నా పాఠంలో అవన్నీ నేనే చేస్తున్నాను. టెన్షన్ అప్పుడు మొదలైంది.

ఏడూ ఒకే పాఠంలో ఇరికించాలని ఒక రాత్రంతా కూర్చున్నాను. అది తెలివితక్కువ పని. దూరపు బడితో వీడియో కాల్ పెట్టి "ప్రపంచంతో కలిసి పనిచేయడం" గడి నింపుదామా అని కూడా అనుకున్నాను. చివరికి మూడు పట్టుకుని మిగతావి వదిలేశాను: జల్లెడ పట్టడం, లెక్కల పద్ధతి, చెప్పడం. డిజిటల్ పౌరుడు నా లిస్టులో లేడు. తర్వాత తనంతట తనే వచ్చాడు, ఆ సంగతి చెబుతాను.

మా వైపు నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది? ఫ్లోరైడ్. మా పిల్లల్లో కొందరి పళ్ల మీద గోధుమ రంగు చారలు కనబడతాయి. తాగేది ప్లాంటులో శుద్ధి చేసి అమ్మే క్యాన్ నీళ్లు, వాడకానికి బోరు నీళ్లు. కాబట్టి పుస్తకంలోని నిమ్మరసం, వెనిగర్‌తో పాటు ఇంటి నుంచి నీళ్లు తెమ్మన్నాను. సీసా మీద ఎక్కడివో రాయాలి: బోరు, ప్లాంటు, చెరువు, వాన నీళ్లు. మొత్తం 23 సీసాలొచ్చాయి. ఒక పిల్ల పప్పు కడిగిన నీళ్లు తెచ్చింది. అదీ వరసలో పెట్టాను.

ముందు పుస్తకంలో ఉన్న టెస్టర్. ఎర్ర ఎల్ఈడీ, సెల్స్, రెండు మేకులు. ఎల్ఈడీ పొడుగు కాలు పాజిటివ్ వైపు పెట్టాలని చెప్పినా సగం గ్రూపులు తిప్పి పెట్టాయి. సరిగ్గా పెట్టిన వాళ్లకీ రెండు సెల్స్‌తో వెలగలేదు.

"మేడమ్, వెలగలా."

"ఎందుకు వెలగలేదో చూడండి."

ఈ మాట అనడానికి నాలుక కొరుక్కోవాల్సి వచ్చింది. నేనే వెళ్లి మూడో సెల్ పెట్టేస్తే రెండు నిమిషాల పని. పదిహేను నిమిషాలు ఆగాను. కాళ్లు తిప్పారు, మేకుల తుప్పు గీకారు, చివరికి ఒక గ్రూపు పక్క గ్రూపు సెల్ దొంగిలించి మూడు చేసింది. అప్పుడు బోరు నీళ్లలో ఎల్ఈడీ మసకగా వెలిగింది. నలుగురూ తలలు దగ్గర పెట్టి, చేతులు అడ్డం పెట్టి చీకటి చేసుకుని చూశారు. ప్లాంటు నీళ్లలో ఆ చీకట్లో కూడా ఏమీ లేదు. నిమ్మరసంలో బాగా కనబడింది.

ఆ తర్వాత నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటర్ బయటికి తీశాను. పెన్నులా ఉంటుంది, ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే వస్తుంది. దాని లోపల ఉన్నదీ మా టెస్టరే: రెండు లోహపు కడ్డీలు, వాటి మధ్య నీళ్లలో కరెంటు ఎంత పోతుందో కొలుస్తుంది. దాన్ని ఒక గుణకంతో గుణించి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల లవణాలని చూపిస్తుంది. అంటే లవణాలను తూచదు, అంచనా కడుతుంది. ఈ ముక్క పిల్లలకు చెప్పకుండా వదిలేస్తే మీటరు దేవుడైపోతుంది.

నా దగ్గర ఒకటి ఉంది, బయాలజీ మాస్టారింట్లో ఇంకొకటి. ఒకే సీసాలో రెండూ ముంచితే రెండు రీడింగులు, తేడా మూడో వంతు దాకా ఉంది. ఏది నిజం? మీటర్లలో గుణకం 0.5 నుంచి 0.7 దాకా మారుతుంది, అదే కారణమని నాకు తెలుసు. కానీ పిల్లలే తేల్చాలి. ఒకడు, "ఉప్పు మనమే తూచి కలిపితే ఎంతుందో మనకు తెలుసుగా మేడమ్" అన్నాడు. ఆ పూట నాకు ఇంకేమీ అక్కర్లేదు. ల్యాబ్ త్రాసు తుప్పు పట్టి ఉంది. ఊళ్లో కంసాలి కొట్లో సరిగ్గా ఒక గ్రాము ఉప్పు తూయించుకొచ్చారు, ఆయన నవ్వాడట. లీటరు ప్లాంటు నీళ్లలో కలిపితే నా మీటరు 1000కి దగ్గరగా చూపించింది, మాస్టారిది బాగా పైన. ఇక నా మీటరుతోనే కొలవాలని వాళ్లే తీర్మానించారు.

రీడింగులు నా ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించారు. ట్యాబ్‌ల గొడవ పెట్టుకోలేదు, ఉన్నది ఒక ఫోన్, వంతులవారీగా టైపు చేశారు. గ్రాఫ్ నొక్కితే 23 గీతల్లో ఆరు కనబడలేదు. మళ్లీ "మేడమ్, రాలా." ఆరు గడులూ తెరిచి చూస్తే, ఒకదాంట్లో "840 పీపీఎం", ఇంకోదాంట్లో "1200 పైన", ఒకదాంట్లో తెలుగు అంకెలు. అంకె ఉన్న చోట అంకె ఒక్కటే ఉండాలి, కొలమానం పై వరసలో ఉండాలి అని వాళ్లకు ఆ ఆరు గడులు నేర్పాయి. నేను బోర్డు మీద రాసి ఉంటే పరీక్ష వరకే గుర్తుండేది.

గ్రాఫ్‌లో ప్లాంటు నీళ్లు కింద, 40 దగ్గర. ఊరి బోర్లలో ఒకటి 1800. తాగునీటికి మన దేశపు ప్రమాణం, ఐఎస్ 10500 ప్రకారం 500 లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 2000 దాకా పర్వాలేదు. ఈ రెండు అంకెలూ వాళ్లే వెతికి పట్టుకున్నారు. పీరియడ్ అయిపోయింది, నేను గర్వంగా ఇంటికెళ్లాను.

రాత్రి ఎనిమిదిన్నరకు హెచ్‌ఎం గారి ఫోన్. "అమ్మా, ఏంది ఆ ఫోటో?" మా క్లాసు అబ్బాయి ఒకడు మీటరు 1800 చూపిస్తున్న ఫోటో తీసి, వాళ్ల నాన్న ఫోన్ నుంచి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద రాసింది: "ఫలానా వాళ్ల బోరులో విషం, ఫ్లోరైడ్ 1800." బోరు వాళ్లు ఆ పిల్లాడి ఇంటికొచ్చి గొడవ. ప్లాంటు ఆయన మాత్రం ఆ ఫోటోను ఇంకో మూడు గ్రూపులకు పంపించాడు.

డిజిటల్ పౌరుడు వచ్చాడన్నానే, ఇలా.

మర్నాడు ఆ పిల్లవాణ్ణి తిట్టలేదు, కానీ తిట్టాలనిపించింది. రెండో పీరియడ్ మొత్తం ఆ ఒక్క వాక్యం మీదే పెట్టాను. బోర్డు మీద రాసి, ఇందులో మనం కొలిచింది ఏది, ఊహించింది ఏది, చెప్పే హక్కు లేనిది ఏది అని అడిగాను. 1800 కొలిచిందే. ఫ్లోరైడ్ కొలవలేదు. ఇంటివాళ్ల పేరు పెట్టే హక్కు లేదు, సీసా ఇచ్చినప్పుడు వాళ్లను అడగలేదు కదా. ఆ పైన ఫ్లోరైడ్ హద్దు లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే ఒకటిన్నర. ఉప్పు, సున్నం, అన్నీ కలిసిన 1800లో ఒకటిన్నర ఎక్కడుందో ఈ మీటరు చెప్పలేదు. ఒక అమ్మాయి లేచి అడిగింది: "అయితే 640 ఉన్న మా బోరు మంచిదనుకోవచ్చా మేడమ్?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) వాళ్లను అడిగి ఫ్లోరైడ్ చూసే ఫీల్డ్ టెస్ట్ కిట్ తెప్పించాను. నీళ్లలో కొలత ప్రకారం మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. అది పసుపు వైపు ఎంత జరిగితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. 1800 బోరు నీళ్లు గులాబీగానే ఉన్నాయి. ఆ అమ్మాయి వాళ్ల 640 బోరు పసుపు తిరిగింది. క్లాసు ఒక్కసారిగా గప్‌చుప్. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దించేస్తుంది, మెత్తటి నీళ్లలో అలా కాదు అని చెప్పాను. ఆ అమ్మాయి తల్లిని బడికి పిలిచి విడిగా మాట్లాడాను, ఆ రీడింగు గ్రూపులో పెట్టలేదు.

వాట్సాప్‌లో సవరణ మెసేజ్‌ను పిల్లలే నాలుగుసార్లు తిరగరాశారు. చివరిది మూడు లైన్లు. పేర్లు లేవు, ఫోటో లేదు, "ఈ మీటరుతో ఫ్లోరైడ్ తెలియదు, పరీక్షకు నీళ్లు ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబ్‌కు ఇవ్వండి" అని ఉంది. మొదటి ఫోటోకు వచ్చినన్ని జవాబులు దీనికి రాలేదు.

కాంప్లెక్స్ మీటింగ్‌లో మాదిరి పాఠం చెప్పలేదు, ఇదంతా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆర్పీ సార్ నా పాఠ్య ప్రణాళిక తీసి టెక్నాలజీ గడి చూశారు. అందులో రాసి ఉంది: ఎల్ఈడీ, మూడు సెల్స్, మీటర్లు రెండు (ఒకటి తప్పు), ఫోన్ ఒకటి, వాట్సాప్ (పొరపాటున). "ఐఎఫ్‌పి ఏదమ్మా?" అన్నారు. గ్రాఫ్ చూపించడానికి ఐదు నిమిషాలు వాడానన్నాను. ఆయన పెన్ను తీసి అదీ చేర్చారు, పై వాళ్లు అడుగుతారట.

నా మీటరు ఇప్పుడు పొదిలి వైపు ఒక బళ్లో ఉంది. అక్కడి టీచర్ నిన్న ఫోన్ చేసి బటన్ సెల్స్ అయిపోయాయి, ఏ నంబరువి కొనాలని అడిగారు. ఎల్‌ఆర్ 44, రెండు. గ్రాము ఉప్పు పరీక్ష ముందు చేయమని కూడా చెప్పాను.