బోరు చూసి కొన్న ఇల్లు

ఐదెకరాలు, మూడు బెడ్‌రూముల ఇల్లు, వెనక కొండలు, రాత్రయితే పక్కింటి లైటు కూడా కనపడదు. ఫోటోలు చూసి నేనూ మా ఆవిడా పడిపోయాం. వాట్సాప్‌లో నాయనకు పంపితే ఆయన కొండల మాటెత్తలేదు, ఇంటి మాటెత్తలేదు. "నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉండాయిరా?" అన్నాడు.

అనంతపురం మనిషి మరి. చేన్లో ఆయన వేయించిన బోర్లు ఏడు, నీళ్లు పడినవి రెండు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి పాయింటు చూపించిన పెద్దమనిషిని నమ్మి 600 అడుగులు దించితే దుమ్ము తప్ప ఏమీ రాలేదు, ఆ అప్పు నా బీటెక్ అయిపోయేదాకా నడిచింది.

ఇల్లు ఉన్నది అరిజోనాలో విల్‌కాక్స్ పక్కన. ఊళ్లో మూడు వేల పైచిలుకు జనం, టూసాన్ దాదాపు 80 మైళ్లు, మేముండే చాండ్లర్ నుంచి మూడు గంటలు. ఎడారి అనగానే అందరూ ఎండే అనుకుంటారు గానీ ఇది 4 వేల అడుగుల ఎత్తులో ఉంది, జనవరి రాత్రుళ్లు పంపు షెడ్లో బల్బు వేసి ఉంచకపోతే పైపులో నీళ్లు గడ్డకట్టి పగిలిపోతుంది. నా కరివేపాకు కుండీ మొదటి చలికాలమే పోయింది.

దీనికి ముందు మూడు ఇళ్లు చూసి వదిలేశాం. మొదటిదానికి బోరే లేదు, ట్యాంకరు నీళ్లు. ఏజెంటు అదేం పెద్ద విషయం కాదన్నట్టు మాట్లాడాడు గానీ రియో వెర్డే ఫుట్‌హిల్స్ సంగతి ఇక్కడ అందరికీ గుర్తుంది. నగరం హద్దు బయట కట్టుకున్న ఆ ఇళ్లకు స్కాట్స్‌డేల్ నుంచి ట్యాంకర్లలో నీళ్లు వెళ్లేవి, 2023 జనవరి 1 నుంచి నగరం ఇవ్వడం ఆపేసింది, కోట్ల ఇళ్లలో ఉండి పేపర్ ప్లేట్లలో తిన్నారు జనం. రెండో ఇంటికి బోరు ఉంది, కానీ నాలుగు ఇళ్లకు పొత్తు. అన్నదమ్ముల పొత్తు బోరు దగ్గర కొడవళ్లు లేచిన ఊరు మాది, నాకు అగ్రిమెంటు చదవాలని కూడా అనిపించలేదు. మూడోదానికి దారి వంకలోంచి పోతుంది. ఇక్కడివాళ్లు వాష్ అంటారు, మన వంకే, ఏడాదంతా ఇసుక, జులై ఆగస్టు వానల్లో మాత్రం ఎక్కడో కొండ మీద కురిస్తే ఇక్కడ కారు కొట్టుకుపోతుంది.

ఈ ఇంటి బోరుకు 55తో మొదలయ్యే నంబరు ఉంది. అరిజోనాలో రిజిస్టరైన ప్రతి బోరుకూ ఉంటుంది, రాష్ట్ర జలవనరుల శాఖ సైట్‌లో ఆ నంబరు కొడితే చాలాసార్లు తవ్విననాటి కాగితం కూడా దొరుకుతుంది. మాది 1979లో తవ్వారు, లోతు 300 అడుగులు, అప్పుడు నీళ్లు 118 అడుగుల లోతులో ఉన్నాయి. ఆఫర్ ఒప్పుకున్నాక తనిఖీలకు 10 రోజులు టైం ఉంటుంది కాబట్టి నాలుగో రోజున పంపుల మనిషిని పిలిచాను. ఆయన మూత తీసి మీటరు దించాడు. 214.

నాలుగు గంటలు ఆపకుండా తోడించాం. నిమిషానికి 9 గ్యాలన్లు, మట్టం 231కి దిగి అక్కడే నిలబడింది. పంపు 260 దగ్గర వేలాడుతోంది. వీడియో కాల్‌లో నాయన, "ఆపినాక ఎంతసేపటికి ఎక్కిందో చూడు" అన్నాడు. నలభై నిమిషాలకు మళ్లీ 214కి వచ్చింది. పంపుల మనిషికి తెలుగు రాదు గానీ ఇద్దరూ ఒకే ముఖం పెట్టారు: ఇప్పటికి పర్లేదు, ముందు ముందు చెప్పలేం.

దాదాపు వంద అడుగులు ఎందుకు దిగిందంటే, 1980 భూగర్భజల చట్టం ఫీనిక్స్, టూసాన్ లాంటి చోట్లకే గట్టి కట్టుబాట్లు పెట్టింది. విల్‌కాక్స్ లోయ దాని బయట ఉండిపోయింది. పెద్ద డెయిరీలు, పిస్తా, పీకాన్ తోటలు వచ్చి లోతుగా దించుకున్నాయి, కొన్నిచోట్ల నేల కుంగి చీలికలు కూడా పడ్డాయి. 2022లో ఓటింగ్ పెడితే పక్కనున్న డగ్లస్ ప్రాంతం నియంత్రణకు సరేనంది, విల్‌కాక్స్ వాళ్లు వద్దన్నారు. చివరికి 2024 డిసెంబర్‌లో రాష్ట్రమే తన అధికారంతో నియంత్రణలోకి తెచ్చింది. కొత్తగా సాగులోకి భూమి తేవడం ఆగింది. నిమిషానికి 35 గ్యాలన్లు మించని మాలాంటి ఇంటి బోర్ల జోలికి పెద్దగా రారు. "మరి పాత పెద్ద బోర్లు?" అన్నాడు నాయన. అవి నడుస్తున్నాయి. "అంతేలే" అన్నాడు.

ఆ రెండు నంబర్లూ, 118, 214, పక్కపక్కన రాసి ఓనరుకు పంపాను. "మాకెప్పుడూ నీళ్ల ప్రాబ్లం రాలేదు" అని జవాబు. కొత్త బోరుకు డ్రిల్లరు చెప్పిన రేటు కూడా పంపాక ఇంటి ధర తగ్గింది, ఆ బోరు ఖర్చు మొత్తం కాదు, అందులో సగం దాకా. నీళ్ల టెస్టులో ఆర్సెనిక్, నైట్రేట్‌తో పాటు ఫ్లోరైడ్ కూడా చూడమని గట్టిగా చెప్పాను, నల్లగొండ సంగతి తెలిసినవాడు అది వదలడు. కాస్త ఎక్కువే వచ్చింది. సింకు కింద ఆర్‌ఓ పెట్టించాం. సెప్టిక్ ట్యాంకు తనిఖీ ఇక్కడ ఇల్లు చేతులు మారేటప్పుడు ఎలాగూ తప్పనిసరి.

ఒక్కటి మాత్రం నేనూ నాయనా ఇద్దరం అనుకోలేదు. దిగిన మొదటి వారం పొద్దున్నే తలుపు తీస్తే వాకిట్లో పదకొండు ఆవులు. ఎవరివో తెలుసుకుని ఫోన్ చేస్తే ఆయన మర్యాదగానే చెప్పాడు, ఇది ఓపెన్ రేంజ్, ఆవులు రాకూడదనుకుంటే కంచె నువ్వే వేసుకోవాలి అని. చట్టం చూశాను, నిజమే. నాయనకు చెప్తే ఎంతసేపటికీ నమ్మలేదు. "వాని ఆవులకు మనం కంచె వెయ్యాలనా? ఇదేం న్యాయంరా?" ఇప్పటికి రెండు వైపులు అయింది. ఇంకా రెండు వైపులు ఉంది, రాళ్ల నేల, గుంత తవ్వడానికి ఒక్కో రాటకు అరగంట పడుతోంది.