వానలో చూడాల్సిన దారి

నిన్న పొద్దున వాన పడుతుంటే గొడుగు తీసుకుని కొండదారి ఎక్కాను. తగ్గాక వెళ్ళొచ్చుగా అని ఇంట్లో అడిగారు. నాకు ఆ వానే కావాలి. పార్కులకీ కొండదారులకీ ప్లాన్లు గీయడం, తర్వాత వాటి బాగోగులు చూడడం నా ఉద్యోగం. ఎండలో ఏ దారైనా బాగానే కనిపిస్తుంది. అది ఎన్నాళ్ళు నిలుస్తుందో నీళ్ళు పారుతున్నప్పుడు చూస్తేనే తెలుస్తుంది.

రెండో మలుపు దగ్గర ఆగిపోయాను. దారి మధ్యలో జానెడు లోతున మట్టి కోసుకుపోయి చెట్ల వేళ్ళు బయటపడ్డాయి. బురద నీళ్ళు దారి వెంటే కాలవలా పారుతున్నాయి. నడిచేవాళ్ళు బురద తప్పించుకోవడానికి పక్కనున్న గడ్డి మీదికి వెళ్ళారు. కొన్నాళ్ళకి ఆ గడ్డీ పోయి బురదైంది. ఇంకాస్త పక్కకి జరిగారు. నేను గీసినప్పుడు ఆ దారి వెడల్పు 1 మీటరు. నిన్న టేపు పెట్టి కొలిస్తే మూడున్నర దాటింది.

తప్పు నడిచేవాళ్ళది కాదు, నాది. పైకి తొందరగా చేరాలని ఆ ముక్కని నిటారుగా గీశాను. ఈ పనిలో అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది: దారి ఎక్కే వాలు, ఆ చోట కొండకున్న వాలులో సగం దాటకూడదు. దాటిందంటే పైనుంచి వచ్చిన నీళ్ళు దారిని అడ్డంగా దాటి కిందికి పోవు, దారినే పట్టుకుని పారతాయి. మొత్తం మీద సగటున 10 శాతం, అంటే 100 మీటర్ల దూరానికి 10 మీటర్ల ఎత్తు, మించకుండా చూసుకోవాలి. దారిని లోయ వైపుకి 5 శాతం వంచాలి కూడా. మీటరు వెడల్పుకి 5 సెంటీమీటర్లు. కాలికి ఆ వంపు తెలియను కూడా తెలియదు, నీళ్ళు మాత్రం పక్కకి జారిపోతాయి.

ఇలాంటి చోట ‘గడ్డి మీద నడవరాదు’ అని బోర్డు పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చిన మనిషి జారుడు బురదలో కాలు ఎందుకు పెడతారు? నేనైతే పెట్టను.

ఇంకో సలహా, రోజుకి ఇంతమందినే రానివ్వమని. ఒక చోటు ఎంతమందిని మోయగలదన్నది ఈ రంగంలో 1960ల నుంచీ నలుగుతున్న ప్రశ్నే. 1985లో అమెరికా అటవీ విభాగం పరిశోధకులు ఆ ప్రశ్ననే మార్చారు: ఇక్కడ ఎంత మార్పు వస్తే ఒప్పుకోగలం? ఈ రెండో ప్రశ్న నా పని తీరునే మార్చేసింది. తలలు లెక్కపెట్టే బదులు దారి వెడల్పు, తేలిన వేళ్ళు, కొత్తగా పుట్టిన అడ్డదారులు ప్రతి సీజన్‌లో ఒకే చోట కొలిచి రాసుకుంటాను. నేల నానిన రోజున వచ్చిన నలభై మంది, ఎండిన రోజున వచ్చిన నాలుగొందల మంది కంటే ఎక్కువ పాడుచేయగలరు. గేటు దగ్గరి లెక్కలో అది కనబడదు.

పైగా ఎవరూ తొక్కని నేల మీద మొదటి కొద్దిమంది అడుగులే పెద్ద నష్టం చేస్తాయి. మొక్కలు చచ్చి నేల గట్టిపడ్డాక, వచ్చేవాళ్ళు రెట్టింపైనా నష్టం రెట్టింపు కాదు. అందుకే జనం ఎక్కువ వచ్చే చోట అందర్నీ ఒకే గట్టి దారి మీదికి తేవాలి. అరుదుగా ఎవరో వచ్చే అడవిలో మాత్రం గుంపు విడిపోయి నడవడమే నయం, లేకపోతే వాళ్ళ వెనకే దారి పుడుతుంది. పల్లెకీ అడవికీ పట్నానికీ ఒకే మాన్యువల్ పంచేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

చెత్త డబ్బాలైనా అంతే. పట్నం పార్కులో డబ్బా గేటు దగ్గరే ఉండాలి, ఎందుకంటే జనం బయటికి పోయేటప్పుడు చేతులు ఖాళీ చేసుకుంటారు. దూరపు కొండ మీద అసలు పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. వారానికోసారి ఖాళీ చేసే డబ్బా రెండో రోజుకే నిండుతుంది, మూడో రోజు జంతువులు లాగేస్తాయి.

పట్నం పార్కుల్లో నన్ను వేధించేది గేటు. ఇంటి నుంచి 300 మీటర్లలోపు అర హెక్టారైనా పచ్చని చోటు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం సూచించింది. మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిస్తే నేను చూసే పార్కు చుట్టుపక్కల చాలా ఇళ్ళకి ఆ దూరంలోనే ఉంది. కానీ గేటు అవతలి వైపు, మధ్యలో పెద్ద రోడ్డు. చేతికర్రతో నడిచే మనిషికి ఆ 300 మీటర్లు చాలా దూరం. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకి 1858లో గెలిచిన ప్లాన్‌లో, పార్కుని అడ్డంగా దాటే నాలుగు రోడ్లనీ నేలమట్టం కంటే కిందికి దించారు. పైన నడిచేవాళ్ళు బండ్లకి ఎదురుపడకూడదని. అంత పని నా చేతిలో లేదు. వెనక గోడకి రెండో గేటు మాత్రం పెట్టించగలిగాను. నెల తిరక్కుండానే ఆ గేటు నుంచి బెంచీల దాకా గడ్డిలో సన్నటి బాట పడింది. దాన్ని ఆపడానికి కంచె కట్టలేదు. ఆ గీత మీదే కంకర పోయించి రోలింగ్ చేయించాను.

కొండ మీద పాత దారి మూసేయాలి. మొదట్లో తాడు కట్టి చూశాం, దాని కిందనుంచి దూరి వెళ్ళారు. దారి కళ్ళెదుట కనిపిస్తుంటే కాళ్ళు అటే పోతాయి. మలుపులో నిలబడితే కనిపించే మొదటి ఇరవై అడుగుల మీద ఎండుకొమ్మలు, రాళ్ళు, ఆకులు అడవిలో సహజంగా పడ్డట్టు పరవాలి. కొత్త దారికి గుర్తుగా చెట్లకి పసుపు రిబ్బన్లు కట్టాం. ఇంకా పార పట్టలేదు. రేపు మళ్ళీ వానంటున్నారు, రిబ్బన్ల వెంట ఒకసారి నడిచి నీళ్ళు ఎటు పోతున్నాయో చూసి వస్తాను.