ఇరవై చీటీలు, ఒక ఎర్ర పెన్ను

ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఇంట్లో తోచక ఒక పిల్లల పుస్తకాల షాపులో చేరాను. రోజుకి నాలుగు గంటల పని. షాపు చిన్నదే కానీ తలుపులు రెండు. ఒకటి మామూలుది, దాని పక్కనే నడుమెత్తున ఇంకోటి, పిల్లలకి. మొదటిరోజే ఒక పాప "తాతగారూ, మీరూ ఇటునుంచే రండి" అంటే మాట కాదనలేక వంగి దూరబోయాను. నుదుటి మీద బొప్పి కట్టింది. షాపులో అందరికీ నేను తెలిసింది ఆ బొప్పితోనే.

షాపు నడిపే ఆవిడ మా అమ్మాయి కంటే చిన్నది. రెండో వారంలో నా చేతిలో ఇరవై అట్టముక్కలు పెట్టి, "మాస్టారూ, ఏప్రిల్ 2 కల్లా ఇవి నింపాలి" అంది. పిల్లల కథలు రాసిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1805లో పుట్టింది ఆ తేదీనే. 1967 నుంచి దాన్ని అంతర్జాతీయ బాలల పుస్తక దినంగా జరుపుతున్నారు. ఆ రోజుకి ఇరవై పుస్తకాలు ఏరి, ఒక్కోదాని కింద 'మా సిఫార్సు' అని చీటీ పెట్టాలి. చీటీ రాసేవాళ్ళు ఆ పుస్తకాన్ని ఎవరో ఒక పిల్లకో పిల్లాడికో పైకి చదివి వినిపించాకే రాయాలి. షరతు అదొక్కటే. ఇన్నేళ్ళు పిల్లల మధ్య బతికినవాడికి ఇరవై చీటీలు ఒక లెక్కా అనుకున్నాను.

మొదటి చీటీ: 'స్నేహం విలువను చక్కగా తెలియజేసే కథ. 5 నుంచి 7 ఏళ్ళ వారికి ఉపయోగకరం.'

ఆవిడ చదివి, "చివర పదికి ఎనిమిది కూడా వేసెయ్యాల్సింది మాస్టారూ" అంది. నా చెయ్యి దానంతటదే చొక్కా జేబులో ఎర్ర పెన్ను మీదికి పోయింది. రిటైరైనా అది జేబులో లేకపోతే చొక్కా తొడుక్కున్నట్టుండదు నాకు. "ఇది డబ్బులిచ్చేవాళ్ళకి రాశారు. చదివేవాళ్ళకి కదా రాయాలి?" అంటూ చీటీ అతికించే చోటు చూపించింది. అది నా మోకాలి దగ్గరుంది.

నాకు కాస్త రోషం వచ్చింది. ఆవిడ లేని సమయం చూసి ఆ చీటీనే అతికించేశాను. ఆ సాయంత్రం ఒక పదేళ్ళ కుర్రాడు ఆ పుస్తకం తీశాడు. కింద కూర్చుని రెండు పేజీలు పెదాలు కదుపుతూ, వేలు పెట్టుకుని మెల్లగా చదివాడు. మూడోది తిప్పబోతూ చీటీ చూశాడు. '5 నుంచి 7'. చుట్టూ ఓసారి చూసి, పుస్తకం తీసినచోటే పెట్టేసి, లావుపాటి పుస్తకం ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పావుగంట కూర్చున్నాడు, పేజీ మాత్రం తిప్పలేదు. వాడు వెళ్ళాక నేనే ఆ చీటీ పీకేశాను. ఆవిడకి చెప్పలేదు. ఆ తర్వాత మాత్రం ఏ చీటీ మీదా వయసు వెయ్యలేదు.

ఇక పైకి చదివే పని. అందులోనైనా నన్ను మించినవాళ్ళు లేరనుకున్నాను. పిల్లి తప్పిపోయే బొమ్మల పుస్తకం ఒకటి ఆరేళ్ళ పిల్లాడికి చదువుతున్నాను. గొంతు మార్చి, రాగం తీసి, అన్నీ చేస్తున్నా. వాడు నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "తాతగారూ, మీరు పేజీ ముందే తిప్పేస్తున్నారు. నేనింకా చూళ్ళేదు."

అటు పక్క బిల్లు రాస్తున్న ఆవిడ నవ్వి, ఒక తెల్లకాగితం తెచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చుంది. కాగితాన్ని సగానికి మడిచింది, మళ్ళీ మడిచింది, మూడోసారీ మడిచింది. అంచులు కత్తిరించింది. ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. "ఇలాంటివి రెండు కలిపితే 32. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలే ఉంటాయి, అచ్చుకి అది కలిసొస్తుంది కాబట్టి. కథ చెప్పేవాళ్ళకి దొరికే చోటు అంతే. అందుకని కుడి పేజీలో చివర ఒక ప్రశ్న వదిలేస్తారు, జవాబు వెనకవైపు దాచేస్తారు. పేజీ తిప్పడం కూడా కథలో భాగమే మాస్టారూ." వాడు ఆ మాటలేవీ పట్టించుకోకుండా మడత పుస్తకం లాక్కుని మొదటి పేజీలో పిల్లి తోక గీశాడు.

అప్పుడు చూశాను. మా పుస్తకంలోనూ ప్రతి కుడి పేజీ చివరా ఒక తోక ముక్క ఉంది. వాడికి అది మొదటినుంచీ కనబడుతూనే ఉంది, నాకు అక్షరాలే కనబడ్డాయి. ఆ చీటీ రాయడానికి నిమిషం పట్టలేదు: 'తోక ఇక్కడుంది. పిల్లి ఎక్కడ?' ఆవిడ దాన్ని మారు మాట్లాడకుండా అతికించింది.

అక్కణ్ణుంచి పని నడిచింది. అన్నీ సాఫీగా నడవలేదులెండి. ఐదు వేళ్ళ లెక్క అని ఒకటుంది: పిల్లలు ఏదో ఒక పేజీ తెరిచి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడుస్తారు. ఐదు వేళ్ళూ ముడుచుకున్నాయంటే ఆ పుస్తకం ప్రస్తుతానికి కష్టమని. లెక్క బాగుందని అందరి మీదా ప్రయోగించడం మొదలుపెట్టాను. డైనోసార్ల పిచ్చి ఉన్న ఒకడు మొదటి పేరాలోనే పది వేళ్ళూ ముడిచేసి, ఆ పిడికిళ్ళతోనే పుస్తకాన్ని గుండెకి హత్తుకుని కౌంటరు దగ్గరికి నడిచాడు. ఆ చీటీ మీద 'పలకలేని పేర్లు బోలెడు. పలికి చూడు' అని రాశాను.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది అక్షరాలే లేని పుస్తకం. మొత్తం బొమ్మలే. ఏం చదివి వినిపించను? 'ఇందులో రాత లేదు, డబ్బులెందుకు?' అని తల్లిదండ్రులు తిరిగి పెట్టేయడం రెండుసార్లు చూశాను. మనసులో నేనూ వాళ్ళ పక్షమే. ఒకరోజు ఒక పెద్దావిడ మనవరాలితో వచ్చింది. పిల్ల ఏ పుస్తకం ఇచ్చినా "నాకు చదువు రాదు తల్లీ, అమ్మనడుగు" అంటోంది. నేను ఈ పుస్తకం చేతికిచ్చాను. ఆవిడ మొదటి పేజీ చూసింది, రెండోది చూసింది, అనుమానంగా చివరిదాకా తిప్పింది. మళ్ళీ మొదటికి వచ్చి, "అనగనగా ఒక ఊళ్ళో…" అని ఎత్తుకుంది. గాలిపటం పోగొట్టుకున్న పిల్ల కథ అది, నాకు తెలిసి. ఆవిడ నోట అది అత్తారింటికి వెళ్ళిపోయిన అక్కని వెతుక్కునే చెల్లెలి కథ అయింది. మనవరాలు మధ్యలో దిద్దింది, "కాదు నానమ్మా, చూడు, వాన పడుతోంది" అని. కథ వానలోకి మళ్ళింది. నేను పైకి చదవకుండా రాసిన చీటీ అదొక్కటే. షరతు తప్పానని షాపావిడ అడగలేదు.

మధ్యలో ఒకరోజు ఖాళీగా ఉంటే జాన్ న్యూబెరీ సంగతి చదివాను. లండన్ పుస్తక వ్యాపారి. అమెరికా గ్రంథాలయ సంఘం 1922 నుంచి పిల్లల సాహిత్యానికి ఇస్తున్న పతకం ఆయన పేరు మీదే. 1744లో ఆయన ఒక చిన్న పుస్తకం వేసి, మగపిల్లలకైతే బంతి, ఆడపిల్లలకైతే గుండుసూదులు గుచ్చుకునే దిండు జతచేసి అమ్మాడు. ఒకవైపు ఎరుపు, ఒకవైపు నలుపు. మంచి పని చేస్తే ఎరుపు వైపు సూది గుచ్చాలి, చెడ్డ పని చేస్తే నలుపు వైపు. పుస్తకంతోబాటు ఆట అమ్మాలన్న ఊహ అప్పటికే ఉందని మురిసిపోయి మా ఆవిడకి, అదే, షాపావిడకి చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆయనా మార్కులు వెయ్యడం మానలేదన్నమాట" అంది.

మార్చి నెలాఖరుకి పంతొమ్మిదయ్యాయి. ఇరవయ్యోది కుదరడం లేదు. కుక్క కథ. నాకు నచ్చింది కానీ ఏం రాసినా నీతివాక్యమే వస్తోంది. విసుగొచ్చి ఖాళీ అట్టముక్కని ఆ పుస్తకం కిందే పెట్టి ఇంటికెళ్ళిపోయాను. మర్నాడు వచ్చేసరికి దాని మీద క్రేయాన్‌తో ఎవరో రాసి ఉంది: 'ఈ పుస్తకం మంచిది కాదు. కుక్క చచ్చిపోతుంది. నేను రెండు సార్లు ఏడ్చాను. మీరు కూడా చదవండి.'

ఏప్రిల్ 2న అన్నిటికంటే ముందు అయిపోయింది ఆ పుస్తకమే. ఆ చీటీలో గుడులూ, ఒత్తులూ కలిపి మూడు తప్పులున్నాయి. ఎర్ర పెన్ను జేబులోంచి తియ్యలేదు.