ప్యాడ్లు ఎన్ని మైళ్ళు వస్తాయంటే ఏం చెప్పను

పోర్షా వాళ్ళ స్పోర్ట్స్ కారు కేమన్ కొన్నానని తెలిసిన దగ్గర్నుంచి మావాళ్ళు అడిగే మొదటి ప్రశ్న మైలేజీ ఎంతిస్తుందని, రెండోది బ్రేకులు ఎన్నాళ్ళు వస్తాయని. మొదటిదానికి నవ్వి ఊరుకుంటాను. రెండోదానికి నా దగ్గర రెండు జవాబులున్నాయి, రెండూ ఒకే కారువి. నాది 2009 కేమన్ ఎస్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. డాలస్‌లో ఆఫీసుకు వెళ్ళి రావడానికి వాడినన్నాళ్ళూ ముందు చక్రాల ప్యాడ్లు, అంటే బ్రేకు తొక్కితే డిస్క్‌ని నొక్కి పట్టే దిమ్మలు, 38 వేల మైళ్ళు తిరిగాయి, తీసేటప్పటికి ఇంకా కాస్త మిగిలే ఉన్నాయి. తర్వాత వేసిన కొత్త సెట్టు ఆస్టిన్‌లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ అనే రేస్ ట్రాక్ మీద రెండు వారాంతాల్లో అయిపోయింది. లెక్కేస్తే ఐదొందల మైళ్ళు కూడా లేవు!

మోసమేం లేదు. కారు వేగం రెట్టింపైతే దాన్ని ఆపడానికి బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది, అదంతా వేడిగానే పోవాలి. ఊళ్ళో నలభై మైళ్ళ వేగం నుంచి సిగ్నల్ దగ్గర ఆగడం ఒక ఎత్తు, ఆస్టిన్‌లో వెనకవైపు పొడవాటి తిన్నని దారి చివర పన్నెండో మలుపు దగ్గర గంటకు 200 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారిగా తగ్గించడం ఇంకో ఎత్తు. అదీ మూడు నిమిషాలకోసారి, మధ్యలో మిగతా మలుపులు ఉండనే ఉన్నాయి, ఇరవై మలుపుల ట్రాక్ అది. డిస్క్, అంటే చక్రంతో పాటు తిరిగే పళ్ళెం, చల్లారేలోపే మళ్ళీ కాలు పడుతుంది. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం మామూలుగా పది, పన్నెండు మి.మీ. ఉంటుంది, మూడుకొస్తే మార్చేయాలి, అంటే మనం ఖర్చుపెట్టుకునేది ఆ ఏడు నుంచి తొమ్మిదే. పైగా పలచబడేకొద్దీ వేడి తొందరగా ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ల దాకా పాకుతుంది కాబట్టి ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు సగం అరగగానే మార్చేస్తారు.

మొదటి రోజు మధ్యాహ్నం ఆ పన్నెండో మలుపు దగ్గరే పెడల్ మెత్తగా కిందకి పోయింది. గుండె జారింది. రెండోసారి తొక్కితే పట్టింది కాబట్టి సరిపోయింది. ప్యాడ్లు చచ్చాయేమో అనుకున్నాను, కాదు, బ్రేక్ ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలొచ్చాయి, తొక్కితే నొక్కుకుపోయేవి అవే. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటూ ఉంటుంది, తాజా డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టిన దానికి ఆ హామీ 155కి పడిపోతుంది. పెడల్ మెత్తబడితే ఆయిల్‌ని అనుమానించాలి, పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్‌ని. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పుంటే ఆ రాత్రి నిద్ర పట్టేది.

పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ ఇంకోటి చెప్పాడు: నువ్వు బ్రేకు మెల్లగా, చాలాసేపు నొక్కుతున్నావు, అందుకే ఇంత వేడి. నేను జాగ్రత్త అనుకున్నదే ప్యాడ్లను తినేస్తోందన్నమాట. ఆలస్యంగా, గట్టిగా తొక్కి వదిలేయమన్నాడు. తిరుపతిలో ఘాట్ మీద జీపు తోలిన మా పెద్దనాన్న మాత్రం బ్రేకు మీద కాలు పెట్టుకుని కొండ దిగేవాడు డ్రైవరే కాదు, గేరు మీద దిగాలి అనేవాడు. కొండ మీద ఆయనదే రైటు. ట్రాక్ మీద గేరుతో ఆపబోతే క్లచ్చుకీ ఇంజిన్‌కీ ఎసరు, వాటి ముందు ప్యాడ్లు చవక. ఇంకో సంగతి, కారు జారిపోకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఆన్‌లో పెట్టి మలుపుల్లో మొరటుగా నడిపితే మనం తొక్కకుండానే అది ఒక్కో చక్రానికి బ్రేకు వేస్తూ ఉంటుంది. నా వెనక ప్యాడ్లు అలాగే కరిగాయి.

ఇక డిస్కులు, ఇక్కడివాళ్ళ మాటలో రోటర్లు. రెండు మూడు సెట్ల ప్యాడ్లకు ఒకసారి అంటారు గానీ నేను నమ్మేది కొలతనే. నా కారు ముందు డిస్క్ కొత్తలో 28 మి.మీ., 26కి వస్తే పారేయాలి, మామూలుగా ఆ కనీస మందం డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. ఒక గ్యారేజీలో కుర్రాడు వెర్నియర్ పెట్టి 27.6, బ్రహ్మాండంగా ఉంది సార్ అన్నాడు. ఇంటికొచ్చి వేలితో తడిమితే అంచున ప్యాడ్ తగలని చోట సన్నటి గట్టులా ఉంది, వాడి వెర్నియర్ దవడలు కూర్చున్నది ఆ గట్టు మీద! మైక్రోమీటర్‌తో లోపల ప్యాడ్ రాసే చోట కొలిస్తే 26.4. చిల్లుల డిస్కులకు ఇంకో బాధ, మందం ఉన్నా ఒక్కోసారి చిల్లుల దగ్గర పగుళ్ళు మొదలవుతాయి. వెంట్రుక గీతలైతే కనిపెట్టుకుని ఉండొచ్చు, పక్క చిల్లుని కలిపేసినా, అంచుకి చేరినా ఆ డిస్క్ అయిపోయినట్టే.

బ్రేకు వేస్తే స్టీరింగ్ వణికితే డిస్క్ వంగిందని అందరూ అంటారు. చాలాసార్లు వంగదు, ప్యాడ్ పదార్థం డిస్క్ మీద ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా అంటుకుంటుంది అంతే. అందుకే చివరి ల్యాపు బ్రేకులు ముట్టకుండా మెల్లగా తిరిగి రావాలి, ఆపాక హ్యాండ్ బ్రేకు లాగకూడదు, గేర్లో వదిలేయాలి.

మావాడొకడి పోర్షాకి పసుపు క్యాలిపర్లు (ప్యాడ్లను పట్టుకునే దవడలు), అంటే కార్బన్ సిరామిక్ డిస్కులు. రోడ్డు మీద వాటికి ఆయుష్షు చాలా ఎక్కువ, ట్రాక్ వేడికి మాత్రం లోపలి కార్బన్ మెల్లగా కాలిపోతూ బరువు తగ్గుతుంది, వాటి అరుగుదలని తూకంతో కూడా చూస్తారు. నాలుగూ మార్చాలంటే ఒక మామూలు కారు వస్తుంది. వాడు తెలివైనవాడు, వాటిని విప్పి అటక మీద దాచి ఇనుప డిస్కులు వేసుకున్నాడు.

నా కొత్త డిస్కులు మొన్న వచ్చాయి, గ్యారేజీలో సోనా మసూరి బస్తాల పక్కన పెట్టాను. మా ఆవిడ అట్టపెట్టె ఎత్తబోయి, ఎత్తలేక, ఇందులో ఏముందండీ అంది. బ్రేకులన్నాను. మొన్నేగా మార్చారు అంది.