భోజనం తర్వాతే ఆ ప్రశ్న

అమ్మ 20 నెలలు కట్టిన చిట్టీ డబ్బు, 2 లక్షలు, నా చేతిలో పెడితే షేర్ మార్కెట్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేసి పోగొట్టాను. ఆరు వారాలు అబద్ధాలాడి చివరికి చెప్పేశాను. ఆ రాత్రంతా అమ్మ ఏడ్చింది. తెల్లారి ఎప్పటిలాగే నాకు డబ్బా కట్టింది. క్షమించానని నోరు తెరిచి కూడా అన్నది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. పద్మారావునగర్‌లో మాది రెండు గదుల ఇల్లు. అందులోనే అమ్మకు ఎదురుపడకుండా తిరగడం నేర్చుకున్నాను. ఆలస్యంగా వచ్చి, లైటు వేయకుండా వంటగదిలో నిలబడి తినేవాణ్ని. లోపల ఒకటే మాట: తల్లి కష్టం తిన్నావు. చర్చిలోనూ అంతే. నెలలో మొదటి ఆదివారం అందరూ ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారానికి ముందుకు వెళ్తుంటే నేను బయట చెప్పుల దగ్గర నిలబడేవాణ్ని. పశ్చాత్తాపమంటే అదే అనుకున్నాను.

మూడో నెలలో మా పాస్టర్ అయ్యగారు గమనించి ఆపారు. అంతా విని, "యోహాను సువార్త 18, 21 అధ్యాయాలు కలిపి చదువు తమ్ముడూ" అన్నారు.

శిష్యుడైన పేతురు యేసును ఎరుగనని బొంకింది ప్రధాన యాజకుని ముంగిట, బొగ్గుల మంట దగ్గర. తిరిగి లేచిన యేసు తిబెరియ సముద్రం ఒడ్డున అతని కోసం వేసి ఉంచిందీ బొగ్గుల నిప్పే. గ్రీకులో రెండుచోట్లా ఒకటే మాట, కొత్త నిబంధన మొత్తంలో ఆ రెండుచోట్లే వస్తుందట. ఆ పొగ వాసనకే పేతురుకు ఆ రాత్రి గుర్తొచ్చి ఉంటుంది. కానీ నన్ను పట్టుకున్నది 21:15. నన్ను ప్రేమిస్తున్నావా అని యేసు అడిగింది వాళ్లు భోజనం చేశాక. చేప, రొట్టె ముందే సిద్ధంగా ఉన్నాయి. పేతురు అప్పటికి ఒక్క సంజాయిషీ చెప్పలేదు. నేనేమో బాకీ తీరితే గాని కూర్చుని తిననని మొండికేశాను.

ఒక్కరోజులో మారలేదు. నిద్రపట్టక ఒక రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఓపిగ్గా విన్నారు. తర్వాత డాక్టరును కూడా కలిశాను. విశ్వాసం తక్కువై వెళ్లానని అనుకోను. తల్లి కష్టం తిన్నావన్న మాట లోపల లేచినప్పుడల్లా 1 యోహాను 3:20 చదువుకుంటాను. మన హృదయం మనమీద నేరం మోపినా దేవుడు దానికంటే గొప్పవాడు, సమస్తం ఎరిగినవాడు. అన్నీ తెలిసి కూడా నన్ను రమ్మంటున్నాడన్నదే నా ధైర్యం. అబద్ధమాడానని ఒప్పుకుంటాను. పనికిరానివాణ్నని మాత్రం ఒప్పుకోను. నెలకు 8 వేలు అమ్మకు ఇస్తున్నాను, ఇంకా చాలా ఉంది.

ఒక శనివారం పెందలాడే వచ్చి, కంచం తెచ్చుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. చింతచిగురు పప్పు వడ్డించి, "ఇంకొంచెం పెట్టనా బిడ్డా" అన్నది. పెట్టమన్నాను.

మర్నాడు మొదటి ఆదివారం. ముందుకు వెళ్లి, మోకరించి, రెండు చేతులూ చాపాను.