వెనక వచ్చే చిన్నమాట

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా ఒకరోజు స్కూలు డైరీలో టీచరు ఒక్క వాక్యం రాసి పంపారు. ‘షి త్రూ అప్ హర్ లంచ్’ అని. బెంగళూరు మారతహళ్ళి ట్రాఫిక్‌లో గంటన్నర నిలబడి అప్పుడే ఇంటికి చేరాను. త్రో అంటే విసరడం. లంచ్ అంటే నేను ఐదింటికి లేచి కలిపి పెట్టిన పప్పన్నం. అన్నం విసిరేసిందనుకున్నాను. మాది అద్దంకి దగ్గర పల్లెటూరు, కింద పడ్డ మెతుకును కళ్ళకద్దుకునే ఇల్లు. ఆరేళ్ళ పిల్లను గోడ దగ్గర నిలబెట్టి కేకలేశాను. “నేను పారెయ్యలేదమ్మా” అని అది ఏడుస్తూనే ఉంది. అర్ధరాత్రి జ్వరంతో దాని ఒళ్ళు పేలిపోతుంటే డైరీ మళ్ళీ తీశాను. ఈసారి నిఘంటువు పక్కన పెట్టుకుని చూశాను. త్రో అప్ అంటే వాంతి చేసుకోవడం.

ఆ రాత్రి తడిగుడ్డ మార్చినప్పుడల్లా ఆ ‘అప్’ నా కళ్ళముందే ఉంది.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంగ్లీషును పుస్తకంలోంచి నేర్చుకున్నదాన్ని. పోస్ట్‌పోన్, టాలరేట్, ఇన్వెస్టిగేట్, ఎక్స్‌టింగ్విష్... ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. వాటినే మనుషులు పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, లుక్ ఇంటూ, పుట్ ఔట్ అంటారని ఉద్యోగంలో చేరేదాకా తెలియదు. పొడుగు మాటలు లాటిన్ సంతానం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మీదుగా కొన్ని, ఆ తర్వాత పండితుల చేతుల మీదుగా మరికొన్ని వచ్చాయి. పుట్, గివ్, టేక్ లాంటి పొట్టి మాటలు మాత్రం వాళ్ళ ఇళ్ళలో అంతకుముందు నుంచీ ఉన్నవి. మనకూ ఇంతే కదా. ‘విస్మరించావా’ అని ఏ తల్లీ బిడ్డను అడగదు, ‘మర్చిపోయావా’ అంటుంది. త్యజించడం పుస్తకంలో ఉంటుంది, వదిలెయ్యడం ఇంట్లో ఉంటుంది. అక్కడ సహించడం, ఇక్కడ ఓర్చుకోవడం. మన ఇంటి మాటలు మూడింటికీ వెనక ఒక చిన్నమాట తోకలా ఉంది: పో, ఎయ్, కో. ఇంగ్లీషువాళ్ళ అప్, ఆఫ్, ఔట్ చేసే పనిలో చాలావరకు ఇవే చేస్తున్నాయని నాకు తట్టడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఈట్ అప్ అంటే తినెయ్. రైట్ డౌన్ అంటే రాసుకో. ఫాల్ డౌన్ అంటే పడిపో.

సామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువుకు రాసిన ముందుమాటలో ఈ సంగతే ఒప్పుకున్నాడు. క్రియ వెనక చిన్నమాట చేర్చి అర్థాన్ని మార్చడం తమ భాషలో చాలా ఎక్కువనీ, పరాయివాళ్ళకు అన్నిటికన్నా కష్టం ఇదేననీ చెప్పి, సెట్ ఇన్, సెట్ ఔట్, సెట్ ఆఫ్ లాంటివి ఉదాహరణలుగా ఇచ్చాడు. అది చదివిన రోజు నా మనసు కాస్త తేలికపడింది.

పిల్ల పెద్దదవుతున్నకొద్దీ ఇబ్బంది అటు తిరిగింది. దాని ఇంగ్లీషు చెవితో నేర్చుకున్నది. ‘పిక్ హర్ అప్’ అనాలనీ, ‘పిక్ అప్ హర్’ అనకూడదనీ, ‘లుక్ ఆఫ్టర్ హర్’లో మాత్రం ‘హర్’ చివరే ఉండాలనీ దానికి ఎవరూ చెప్పలేదు. నేను వ్యాకరణ పుస్తకం తెరిచి చూసుకోవాల్సినదాన్ని అది ఆలోచించకుండా అనేస్తుంది. కానీ తెలుగులోకి వచ్చేసరికి “అమ్మా, చొక్కా పెట్టుకున్నా” అంటుంది. పుట్ ఆన్ అనే ఒక్క మాటతో ఇంగ్లీషులో ఒంటిమీదికి అన్నీ ఎక్కుతాయి. మనకలా కుదరదు. చొక్కా వేసుకోవాలి, చీర కట్టుకోవాలి, గాజులు తొడుక్కోవాలి, బొట్టు పెట్టుకోవాలి, పూలు తురుముకోవాలి. ఒక పండగ పొద్దున అద్దం ముందు కూర్చోబెట్టి ఒక్కొక్కటే చేయిస్తూ, ఒక్కొక్క మాటా అనిపించాను. పుస్తకంతో ఇది రాదు, ఒంటితోనే వస్తుంది. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది: వారానికి ఒక గంట తెలుగు క్లాసు కన్నా, పిల్లకు జడ వేస్తూ మాట్లాడే పది నిమిషాలు మేలు.

మనం ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న పద్ధతి కూడా గమనించదగ్గదే. వాళ్ళ క్రియను అక్కడే వదిలేసి వెనక ఉన్న చిన్నమాటనే పట్టుకొచ్చాం. ఫ్యాన్ ఆన్ చెయ్, లైటు ఆఫ్ చెయ్, సర్వరు డౌన్ అయింది, బ్యాట్స్‌మన్ ఔటయ్యాడు. అసలు పనంతా ఆ చిన్నమాటదేనని మన జనం చెవికి ముందే తెలిసినట్టుంది.

‘ఎయ్’ని మా అమ్మాయికి నేర్పించాలని చాలా తిప్పలు పడ్డాను. కొట్టు వేరు, కొట్టెయ్ వేరు. జాబితాలో పేరు కొట్టెయ్యొచ్చు, చెట్టు కొట్టెయ్యొచ్చు, పక్కవాడి పెన్ను కొట్టెయ్యొచ్చు. ఇంగ్లీషులో ఈ మూడూ మూడు వేర్వేరు మాటలు. ఎంత చెప్పినా దానికి అందలేదు. చివరికి అది అందింది నా వల్ల కాదు. కింద ఆడుకునే పిల్లలు కన్నడంలో ‘బిట్బిడు’ అంటుంటారు, వదిలెయ్ అని. ‘కొట్బిడు’ అంటే ఇచ్చెయ్. ఒక సాయంత్రం లోపలికి వచ్చి, “అమ్మా, కన్నడలో బిడు ఉన్నచోట నువ్వు ఎయ్ అంటావు కదా” అంది. ఔననుకుంటూ ఆ కళ్ళలోకే చూస్తూ ఉండిపోయాను. ఇంగ్లీషు మెట్లమీద తెలుగుకు ఎక్కించాలని నేను చూస్తుంటే, అది పక్కింటి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. బెంగళూరులో పిల్లల్ని పెంచుకుంటూ కన్నడం మనకెందుకు అనే తెలుగువాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీనే.

ఆ దారిలోనే ఇంకొకటీ జరిగింది. కన్నడ హ దగ్గర తెలుగు ప పెడితే చాలామాటలు దొరుకుతాయని అది కనిపెట్టింది. హాలు పాలు, హులి పులి, హూవు పువ్వు. నిజమే, పాత కన్నడంలో వీటికి పకారమే ఉండేది. ఆ ఊపులో ఒక ఆదివారం ఊరికి ఫోన్ చేసి, తాతయ్య పొలానికి వెళ్ళారా అని అడగబోయి, కన్నడంలో ‘హోద్రా’ కాబట్టి, “అమ్మమ్మా, తాతయ్య పోయారా?” అంది.

అవతల మాట లేదు. అప్పటికి నాన్నకు స్టెంటు వేసి రెండు నెలలు కాలేదు. మా వైపు పెద్దవాళ్ళ గురించి ‘పోయారు’ అంటే ఒక్కటే అర్థం. ఫోన్ లాక్కుని అమ్మతో మాట్లాడాను. అమ్మ గొంతు వణికింది. “పసిదానికేం తెలుసులేవే, ఏమనకు” అంది. ఏమీ అనలేదు. గోడ దగ్గర నిలబెట్టిన రాత్రి నాకింకా గుర్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళడం, పోవడం రెండూ చెప్పాను. రాయలసీమలో ఇదే ‘పోవడం’ మామూలు మాటనీ, మన ఊళ్ళో మనుషులకు వాడేటప్పుడు చూసుకోవాలనీ చెప్పాను. ‘పాస్ అవే’లాగానా అని అడిగింది. అలాగే అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే ఫోన్ చేసి తాతయ్యతో మాట్లాడింది.

మొన్న వేసవిలో ఊరికి వెళ్ళాం. తిరిగి బయల్దేరేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, “అమ్మమ్మా, వెళ్ళొస్తాను” అంది, ఎవరూ అందించకుండానే. బెంగళూరులో పక్కింటి కన్నడ అవ్వ వెళ్ళేటప్పుడు ‘హోగ్బర్తీని’ అంటుంటే విని దాచుకున్నదట. నాన్న చేతికర్రతో గేటు దాకా వచ్చి దాని తలమీద చెయ్యి పెట్టి, “పోయి రా తల్లీ” అన్నారు.

అది గిరుక్కున నా వైపు తిరిగింది. “అమ్మా, తాతయ్య పో అనొచ్చా?”

“వెనక ‘రా’ ఉంది కదమ్మా” అన్నాను.